పలాస జీడి గోదాం సర్వరు: డెబియన్ 11 నుంచి 12కి (ప్రాజెక్టు డైరీ)

జనవరి 18, ఆదివారం. పలాస

సంక్రాంతికి మూసిన ఫ్యాక్టరీ రేపు తెరుస్తారు. మిషన్ ఖాళీగా నా చేతికి దొరికేది ఇవాళొక్కరోజే. పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కాను. తిలారు, కోటబొమ్మాళి, నౌపడ దాటి పలాసలో దిగేసరికి గుమస్తా బాబాయి తాళాలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

గోదాం వెనక చిన్న గది. పిక్కలు కాల్చిన వాసన గోడలకి పట్టేసి ఉంది. బల్లకింద ఉన్న టవర్ కంప్యూటరే వీళ్ళ సర్వరు. 2017లో డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 9వ వెర్షనుతో పెట్టారు. 2019లో 10కి, 2021లో 11కి తెచ్చారు. అప్పట్లో దీన్ని చూసుకున్న కుర్రాడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. రెండు నెలల కిందట షావుకారు గారు పిలిచి నాకు అప్పగించారు.

దీని మీద ఏమేం నడుస్తున్నాయో ముందు రాసుకున్నాను. రైతులు పిక్కలు 80 కిలోల బస్తాల లెక్కన తెస్తారు. గోదాం గుమ్మం దగ్గర కాటా పక్కన ఒక చిన్న కంప్యూటరు ఉంది, తూకం పడగానే అది నేరుగా సర్వర్లోని మరియాడీబీ అనే డేటాబేసులో రాస్తుంది. తయారైన పప్పు 240, 320 అని గ్రేడుల వారీగా బిల్లింగులోకి ఎక్కుతుంది. పౌనుకి ఎన్ని గుళ్ళు తూగుతాయో ఆ అంకె చెబుతుంది, అందుకే అంకె చిన్నదైతే పప్పు పెద్దది. బిల్లింగు పీహెచ్‌పీ భాషలో రాసింది, అపాచీ అనే వెబ్ సర్వరు మీద నడుస్తుంది. స్కాన్ చేసిన కాగితాలు సాంబా షేర్లో, అంటే మిగతా కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద తెరుచుకునే ఫోల్డర్లో, ఉంటాయి. ఈ నాలుగింటిలో ఏది ఆగినా గుమ్మం దగ్గర బళ్ళు ఆగిపోతాయి.

అప్‌గ్రేడ్ ఇంక వాయిదా వేయడానికి లేదు. డెబియన్ 11కి దీర్ఘకాలిక భద్రతా సవరణలు 2026 ఆగస్టు 31తో ఆగిపోతాయి. 13 కిందటి ఆగస్టులోనే వచ్చింది గానీ 11 నుంచి దానికి ఒక్క గెంతులో పోకూడదు, మధ్యలో 12 మీద దిగాల్సిందే. ఈ డైరీ ఆ మొదటి మెట్టు కోసం.

సెట్టింగుల ఫైళ్ళు (కాన్ఫిగ్ ఫైళ్ళు) ఉండే ఈటీసీ ఫోల్డర్లో వెతికితే పాత అప్‌గ్రేడ్లు వదిలిన ఫైళ్ళు 19 దొరికాయి. పేరు చివర డీపీకేజీ-డిస్ట్ అని 14, యూసీఎఫ్-డిస్ట్ అని 3, డీపీకేజీ-ఓల్డ్ అని 2. డీపీకేజీ, యూసీఎఫ్ అనేవి డెబియన్లో ప్యాకేజీలనీ (ప్రోగ్రాముల మూటల్నీ) వాటి కాన్ఫిగ్ ఫైళ్ళనీ పెట్టే పనిముట్లు. అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు కాన్ఫిగ్ ఫైలు పాతది ఉంచాలా, కొత్తది వేయాలా అని అడిగేవి ఇవే. డిస్ట్ అంటే, కొత్త ఫైలు వచ్చింది కానీ మనం పాతదే ఉంచమన్నాం, కాబట్టి కొత్తదాన్ని పక్కన పెట్టింది. ఓల్డ్ అంటే, కొత్తది తీసుకున్నాం, మనది పక్కన పెట్టింది. తేదీలు చూస్తే రెండే గుంపులు, 2019, 2021. ఆ రెండు చోట్ల తప్ప, అడిగిన ప్రతిసారీ పాతదే ఉంచమని చెప్పారన్నమాట. ఆ పక్కన పెట్టిన ఫైళ్ళని తర్వాత ఎవరూ తెరిచి చూడలేదు. అంటే 2017 నాటి కాన్ఫిగ్ మీద 2021 నాటి ప్రోగ్రాములు నడుస్తున్నాయి.

ఇవాళ చేసినవి మూడు పనులు. ఈటీసీ-కీపర్ పెట్టి మొత్తం ఈటీసీని, ఫైళ్ళ మార్పుల చరిత్ర దాచే గిట్‌లోకి ఎక్కించాను. మొదటి కమిట్ (అప్పటి స్థితి నమోదు) పేరు "ఉన్నది ఉన్నట్టు". డేటాబేసు డంపు, డిస్కు మొత్తం ఇమేజి బయటి హార్డ్‌డిస్కు మీదకి తీసుకున్నాను. మూడోదే అన్నిటికన్నా ముఖ్యమైనది. ఫైళ్ళలో ఏం రాసుందో కాకుండా, సర్వీసులు నిజంగా ఏ విలువలతో నడుస్తున్నాయో విడిగా రాయించుకున్నాను. దూరం నుంచి సర్వర్లోకి రానిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు పేరు ఎస్‌ఎస్‌హెచ్‌డీ, దానికి పెద్ద టీ ఆప్షన్ ఇస్తే అమల్లో ఉన్న సెట్టింగులన్నీ చెబుతుంది. సాంబాకి టెస్ట్‌పార్మ్ ఉంది. మరియాడీబీకి మై-ప్రింట్-డిఫాల్ట్స్ ఉంది. పీహెచ్‌పీకి బ్రౌజర్లో ఇన్ఫో పేజీ చూశాను, ఎందుకంటే కమాండ్ లైన్లో నడిచే పీహెచ్‌పీ వేరే ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైలు చదువుతుంది, అపాచీలో నడిచేది వేరేది. ఈ నాలుగు నకళ్ళూ "ముందు" అనే ఫోల్డర్లో పెట్టాను.

"ఏటి బాబూ, రేపు పొద్దున్న కాటా పని సేస్తాది గదా?" అని బాబాయి రెండుసార్లు అడిగాడు.

"ఇవాళ దేన్నీ కదపలేదు బాబాయ్, చూసుకున్నానంతే" అన్నాను. నమ్మకం కుదరక, నేను తలుపు వేసేలోపు ఒక బస్తా కాటా మీద పెట్టించి చూసుకున్నాకే తాళం వేశాడు.

జనవరి 19, సోమవారం రాత్రి. శ్రీకాకుళం

డిస్కు ఇమేజిని ఇంట్లో వర్చువల్ మిషన్‌గా (నా కంప్యూటరు లోపల నడిచే నకలు కంప్యూటరుగా) లేపాను. లేవగానే స్నాప్‌షాట్ తీశాను. ఎన్నిసార్లు పాడుచేసినా మళ్ళీ ఇక్కడికే రావచ్చు.

అప్‌గ్రేడ్‌లో ప్రశ్న ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అన్నది సరిగ్గా తెలియకుండా ముందుకు పోవద్దనుకున్నాను. డీపీకేజీ దగ్గర ప్రతి కాన్ఫిగ్ ఫైలుకీ, ప్యాకేజీతో వచ్చిన రోజున అది ఎలా ఉందో దాని ఎండీ5 ముద్ర (ఫైలు మారితే మారిపోయే గుర్తు) దాచి ఉంటుంది. కొత్త ప్యాకేజీ వచ్చినప్పుడు మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తుంది. అప్పుడు వచ్చింది, ఇప్పుడు డిస్కు మీద ఉన్నది, కొత్తగా వస్తున్నది. మనం ముట్టుకోకపోతే మాట్లాడకుండా కొత్తది వేసేస్తుంది. మనం మార్చి, వాళ్ళు మార్చకపోతే మాట్లాడకుండా మనది ఉంచేస్తుంది. ఇద్దరూ మారిస్తేనే ఆగి అడుగుతుంది. వై గానీ ఐ గానీ నొక్కితే కొత్తది, ఎన్ గానీ ఓ గానీ నొక్కితే పాతది, డీ నొక్కితే తేడాలు చూపిస్తుంది, జెడ్ నొక్కితే పరిశీలించుకోడానికి షెల్ (ఆజ్ఞలు టైపు చేసే తెర) ఇస్తుంది. ఉత్తినే ఎంటర్ కొడితే పాతదే ఉంటుంది. కావాలని చెరిపేసిన ఫైలు కూడా మార్పు కిందే లెక్క, తనంతట తాను దాన్ని తిరిగి తెచ్చి పెట్టదు.

దీని పక్కన ఇంకో దారి ఉంది, యూసీఎఫ్. కొన్ని ప్యాకేజీలు కాన్ఫిగ్ ఫైలుని నేరుగా డీపీకేజీకి అప్పగించకుండా దీనితో నడిపిస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్, సాంబా కాన్ఫిగ్, పీహెచ్‌పీ ఐఎన్ఐ, మిషన్‌ని బూట్ చేసే గ్రబ్ డిఫాల్ట్ ఫైలు అన్నీ ఈ దారివే. ఇది ఇవాళ నాకు పనికొచ్చిన సంగతి. మారిన కాన్ఫిగ్ ఫైళ్ళ జాబితా కోసం డెబ్‌సమ్స్ నడిపితే ఆరు పేర్లు చెప్పింది. వాటిలో మరియాడీబీ ఫైలు ఉంది, సుడోయర్స్ (ఎవరు సుడోతో అడ్మిన్ ఆజ్ఞలు నడపొచ్చో చెప్పే ఫైలు) ఉంది. సాంబా లేదు, ఎస్‌ఎస్‌హెచ్ లేదు. అవి మారాయని నా కళ్ళతో చూశాను కదా అని మళ్ళీ నడిపాను, అదే జవాబు. యూసీఎఫ్ చూసుకునే ఫైళ్ళ ముద్రలు దాని సొంత పట్టీలో ఉంటాయి, డెబ్‌సమ్స్ వాటిని లెక్కలోకి తీసుకోదు. ఒక్క జాబితా చూసి "ఆరే కదా" అనుకుంటే మూడు ముఖ్యమైనవి తప్పిపోయేవి. నా లెక్కలో ఇప్పుడు తొమ్మిది.

జనవరి 21, బుధవారం

మొదటి రిహార్సల్. అన్నిటికీ ఎన్.

ప్యాకేజీలు ఎక్కణ్ణుంచి తేవాలో చెప్పే సోర్సెస్ లిస్టులో బుల్స్‌ఐ (11 పేరు) బదులు బుక్‌వార్మ్ (12 పేరు) రాశాను. 12 నుంచి ఫర్మ్‌వేర్ ప్యాకేజీలకి నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని విడిగా విభాగం పెట్టారు, రియల్‌టెక్ కార్డుకి అది కావాలి, అదీ చేర్చాను. ముందు కొత్త ప్యాకేజీలు తేకుండా మామూలు అప్‌గ్రేడ్, తర్వాత ఫుల్-అప్‌గ్రేడ్. తెర మీద కనిపించిందంతా స్క్రిప్ట్ కమాండుతో ఫైల్లోకి రికార్డు చేశాను.

తొమ్మిదింటిలో ఏడింటికి ప్రశ్న వచ్చింది. అన్నిటికీ పాతదే ఉంచమన్నాను. మిషన్ చక్కగా లేచింది. కాటా కనెక్షన్ పరీక్ష పాసయింది, సాంబా షేరు తెరుచుకుంది. పాత కుర్రాడు ప్రతిసారీ ఎందుకు ఎన్ కొట్టాడో అర్థమైంది. ఆ రోజుకి పని నడుస్తుంది, పొద్దున్నే బళ్ళు నిలబడి ఉంటాయి, అతని స్థానంలో ఉంటే ఎవరైనా అదే చేస్తారు.

కానీ "ముందు", "తర్వాత" నకళ్ళ మధ్య తేడా తీస్తే మూడు విషయాలు బయటపడ్డాయి.

మొదటిది పీహెచ్‌పీ. ఫైలు అప్‌లోడ్ పరిమితి 20 ఎంబీ నుంచి 2 ఎంబీకి పడిపోయింది. దీని గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. రాదు కూడా. డెబియన్ 11లో పీహెచ్‌పీ 7.4, 12లో 8.2. డెబియన్ దృష్టిలో ఇవి రెండూ వేరు వేరు ప్యాకేజీలు, కాన్ఫిగ్ ఫోల్డర్లు కూడా వేరు. 7.4 ఫోల్డర్లో కుర్రాడు చేసిన మార్పులు అక్కడే ఉండిపోయాయి, 8.2 తన సొంత కొత్త ఐఎన్ఐతో మొదలైంది. పోల్చడానికి పాత ఫైలే లేనప్పుడు గొడవ ఎక్కడిది? లారీ రసీదులు స్కాన్ చేసి ఎక్కిస్తారు, ఒక్కోటి 5, 6 ఎంబీ ఉంటుంది. అప్‌గ్రేడ్ అయిన రోజున ఏమీ తెలియదు, నాలుగో రోజు ఎవరో రసీదు ఎక్కించబోతే తిరగ్గొడుతుంది. అప్పటికి అప్‌గ్రేడ్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

రెండోది ఎస్‌ఎస్‌హెచ్. డెబియన్ 11 నుంచి వచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో పైనే ఒక ఇంక్లూడ్ వరుస ఉంటుంది, పక్కనున్న డాట్-డీ ఫోల్డర్లోని చిన్న ఫైళ్ళని చదవమని. మన ఫైలు 2017ది, అందులో ఆ వరుసే లేదు. అంటే ఆ ఫోల్డర్లో మనం ఏం రాసిపెట్టినా గాలికి పోతుంది. పరీక్షకి ఒక ఫైలు పెట్టి చూశాను, ఖాయంగా అంతే. తప్పు చూపించదు, చదవదు, అంతే.

మూడోది సుడో. 12తో వచ్చే సుడోయర్స్ ఫైల్లో యూజ్-పీటీవై అనే వరుస కొత్తగా చేర్చారు. సుడో ద్వారా నడిచిన ప్రోగ్రాము మన టెర్మినల్లోకి చాటుగా అక్షరాలు తోసి మన పేరు మీద ఆజ్ఞలు ఇవ్వకుండా అది అడ్డం పడుతుంది. పాతది ఉంచుకున్నాం కాబట్టి ఆ రక్షణ రాలేదు.

జనవరి 22, గురువారం

స్నాప్‌షాట్‌కి వెనక్కి వచ్చి, ఈసారి అన్నిటికీ వై. పది నిమిషాల్లో ఫలితం తేలిపోయింది. మరియాడీబీ మళ్ళీ 127.0.0.1 మీద, అంటే సర్వరు లోపలి నుంచి మాత్రమే వింటోంది, కాటా కంప్యూటరు బయటే ఉండిపోయింది. సాంబాలో మన షేర్లన్నీ మాయం. ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు (కనెక్షన్ వచ్చే తలుపు నంబరు) మళ్ళీ 22 అయింది, రూటరేమో పాత పోర్టుకే దారి చూపిస్తుంది. ఇదే పని దూరం నుంచి చేసి ఉంటే మళ్ళీ రైలెక్కాల్సి వచ్చేది.

వై, ఎన్ రెండూ మొత్తం ఫైలుకి వర్తించే జవాబులు. మనకి కావలసింది వరుసకి జవాబు. ఫైల్లో ఏ వరుస మనది, అది ఎందుకు రాశారు, ఆ కారణం ఇంకా ఉందా? ఇది డిఫ్ (ఫైళ్ళ మధ్య తేడాలు) చూస్తే తెలియదు, మనుషుల్ని అడగాలి. తొమ్మిది ఫైళ్ళలోని స్థానిక మార్పులు ఏరితే 31 వరుసలు వచ్చాయి. ఒక నోటు పుస్తకంలో గీతలు గీసి ఎడమవైపు వరుస, కుడివైపు ఖాళీ ఉంచాను.

జనవరి 24, శనివారం. పలాస

నోటు పుస్తకం పట్టుకుని వెళ్ళాను. రోజంతా ఇదే పని. ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ నేర్చుకున్న రోజు ఇదే, అందుకని వివరంగా రాసుకుంటున్నాను.

ఎస్‌ఎస్‌హెచ్ ఫైల్లో పాస్‌వర్డుతో లోపలికి రావడాన్ని అనుమతించే వరుస ఉంది. దాని పైన ఇంగ్లీషు అక్షరాల్లో "తిత్లీ, టెంపరరీ" అని, 2018 అక్టోబరు అని రాసుంది. బాబాయికి చూపించాను. చదివి కాసేపు ఏమీ అనలేదు.

"తిత్లీ గాలికి ఇక్కడ ఏటీ మిగల్లేదు బాబూ. కరెంటు పోనాది, ఎన్నాళ్ళకి వస్తాదో తెల్దు. ఈ డబ్బాని బండి మీద ఎత్తుకుని విజయనగరంలో మా సుట్టాలింటికి అట్టుకెళ్ళినాం. రైతులకి ఇవ్వాల్సిన డబ్బు లెక్క దీంట్లోనే ఉన్నాది గదా. ఎవుడి ఫోను దొరికితే ఆ ఫోన్నించి లోపలికెళ్ళి సూసీవోళ్ళం."

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటలు వేర్లతో లేచిపోయాయి. ఆ రోజుల్లో పిక్కలమ్మిన రైతుకి చేతిలో డబ్బు పడటమంటే ఏమిటో వీళ్ళకి తెలుసు. ఫోన్లలో పాస్‌వర్డు బదులు వాడే తాళంచెవి ఫైళ్ళు లేవు కాబట్టి పాస్‌వర్డు దారి తెరిచాడు కుర్రాడు. సరైన పనే చేశాడు, తేదీ వేసి తాత్కాలికం అని కూడా రాశాడు. డబ్బా తిరిగి పలాస వచ్చింది, 2019లో ఎన్, 2021లో ఎన్. ఆ తలుపు ఏడేళ్ళుగా తెరిచే ఉంది. నోటు పుస్తకంలో కుడివైపు ఇలా రాశాను: కారణం నిజమైనది, ఇప్పుడు లేదు, ఈ దారి మూసేయాలి.

సాంబాలో కనీస ప్రోటోకాల్ ఎన్‌టీ1 అని ఉంది. అంటే ఫైళ్ళు పంచుకోడానికి కంప్యూటర్లు మాట్లాడుకునే పాత పద్ధతి, ఎస్‌ఎంబీ1. సాంబా 4.11 నుంచి దాన్ని మామూలుగా మూసేశారు, డెబియన్ 11తో 4.13 వచ్చింది కాబట్టి 2021లో ఏదో ఆగిపోయి ఉంటుంది, అందుకు తెరిచి ఉంటాడు. బాబాయిని అడిగితే పాత జిరాక్సు మిషన్ స్కాన్ చేసి షేర్లో పెట్టేదని, అది పాడై రెండేళ్ళయిందని చెప్పాడు. ఇదీ తీసేయాలి. 2017లో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది విండోస్‌లోని ఇదే ఎస్‌ఎంబీ1లో ఉన్న లోపం పట్టుకుని. మన సర్వరు విండోస్ కాకపోయినా ఆ ముసలి ప్రోటోకాల్‌ని అవసరం లేకుండా తెరిచి ఉంచడం నాకిష్టం లేదు.

సుడోయర్స్‌లో ఒక వరుస ఉంది, బాబాయి యూజరుకి పాస్‌వర్డు లేకుండా షట్‌డౌన్ చేసే అధికారం. చూడగానే తీసేద్దామనిపించింది. అడిగితే, యూపీఎస్ కూత మొదలుపెట్టాక బ్యాటరీ ఎక్కువసేపు ఆగదట, తెర మీద బొమ్మ నొక్కితే మిషన్ సక్రమంగా ఆగిపోయేలా కుర్రాడు పెట్టాడట. ఇది బతికున్న కారణం. ఉండాలి.

మరియాడీబీది వేరే కథ. యాభైతో మొదలయ్యే అసలు సర్వర్ ఫైల్లో బఫర్ పూల్ (డేటాబేసు వాడుకునే మెమరీ) 1 జీబీ అని ఉంది, కానీ నా "ముందు" నకలులో చివరగా 256 ఎంబీ అని ఉంది. ఎక్కడిదా అని చూస్తే అదే ఫోల్డర్లో 99-బ్యాకప్ అని ఒక ఫైలు. కుర్రాడు మార్పులు చేసే ముందు జాగ్రత్తకి నకలు తీసుకున్నాడు, చివర సీఎన్ఎఫ్ అనే పొడిగింపు అలాగే ఉంచాడు. ఆ ఫోల్డర్లో సీఎన్ఎఫ్ అని ముగిసే ప్రతి ఫైలునీ మరియాడీబీ పేర్ల వరుసలో చదువుతుంది, చివరగా చదివిందే నెగ్గుతుంది. అంటే జాగ్రత్తకి దాచిన నకలే అసలు ఫైలుని తొక్కేస్తోంది, ఎన్నాళ్ళ నుంచో. బిల్లింగు నెమ్మది అని వీళ్ళు కొత్త కంప్యూటరు కొనాలనుకుంటున్నారు!

31 వరుసల్లో 14 ఉండాలి, 17 అక్కర్లేదు. ఎందుకున్నాయో ఎవరూ చెప్పలేకపోయినవి ఆ 17లోనే మూడున్నాయి. వాటిని తీసేసి రిహార్సల్లో చూస్తాను.

జనవరి 25, ఆదివారం. శ్రీకాకుళం

రథసప్తమి. అరసవల్లి దారులన్నీ రాత్రి నుంచే జనంతో నిండిపోయాయి. ఇంట్లో చుట్టాలు. నేను తెల్లవారకముందే దర్శనం చేసుకుని వచ్చి, పై గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

ఇవాళ్టి ఆలోచన ఇది. అప్‌గ్రేడ్‌కి ముందే, 11 మీద ఉండగానే, ప్యాకేజీ ఫైళ్ళన్నిటినీ వాళ్ళు ఇచ్చిన అసలు రూపానికి తెచ్చేయాలి. మనవైన 14 వరుసల్ని విడి ఫైళ్ళలోకి తీసేయాలి. అప్పుడు అప్‌గ్రేడ్‌లో డీపీకేజీకి అడగాల్సిన అవసరమే ఉండదు.

డీపీకేజీ చూసుకునే ఫైళ్ళకి ప్యాకేజీని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తూ ఫోర్స్-కాన్ఫ్‌ఆస్క్, ఫోర్స్-కాన్ఫ్‌న్యూ రెండూ ఇచ్చాను. ఒక్క కాన్ఫ్‌న్యూ చాలదు, వెర్షను మారనప్పుడు అది ప్రశ్న దాకానే పోదు. యూసీఎఫ్ ఫైళ్ళకి నమూనాలు యూఎస్‌ఆర్ ఫోల్డర్ కింద ఉంటాయి, వాటిని తెచ్చి పెట్టాను.

విడి ఫైళ్ళకి పేర్లు పెట్టడం దగ్గర నిదానించాల్సి వచ్చింది. ఒక్కో సర్వీసుది ఒక్కో పద్ధతి. మరియాడీబీలో చివర చదివింది నెగ్గుతుంది, కాబట్టి మన ఫైలు 90తో మొదలవ్వాలి. ఎస్‌ఎస్‌హెచ్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకం, మొదట చదివింది నెగ్గుతుంది, కాబట్టి 10తో. సుడోయర్స్ డాట్-డీ ఫోల్డర్లో పేరులో చుక్క ఉంటే ఆ ఫైలుని చదవనే చదవదు. మిగతా చోట్ల అలవాటుగా పెట్టే కాన్ఫ్ పొడిగింపు ఇక్కడ పెడితే బాబాయి షట్‌డౌన్ బొమ్మ పనిచేయదు, ఎక్కడా తప్పు కూడా చూపించదు. సాంబాకి ఇలాంటి ఫోల్డరు లేదు, అసలు ఫైల్లోనే ఒక ఇంక్లూడ్ వరుస రాసి ఒక విడి ఫైలుని చూపించాలి. అంటే సాంబా ఫైల్లో మన వరుస ఒకటి మిగులుతుంది, దానికి ప్రశ్న తప్పదు.

పీహెచ్‌పీ అప్‌లోడ్ పరిమితిని ఐఎన్ఐలో కాకుండా అపాచీలోని మన సైటు ఫైల్లో పెట్టాలనుకున్నాను. ఆ ఫైలు మనదే, ఏ ప్యాకేజీదీ కాదు, పీహెచ్‌పీ వెర్షను మారినా అక్కడే ఉంటుంది. ఇప్పటికే అక్కడ మోడ్-పీహెచ్‌పీ7 ఉంటేనే వర్తించమనే ఒక ఇఫ్‌మాడ్యూల్ భాగం ఉంది, అందులోనే రాశాను. రిహార్సల్ అయ్యాక నకలు తీస్తే మళ్ళీ 2 ఎంబీ. పీహెచ్‌పీ 8 నుంచి ఆ మాడ్యూల్ పేరులో అంకె తీసేశారు, ఉత్త మోడ్-పీహెచ్‌పీ అయింది. పేరు కలవక ఆ భాగమంతా దాటిపోయింది. అంకె తీసేశాక 20 ఎంబీ వచ్చింది. నకళ్ళు పోల్చే అలవాటు లేకపోతే దీన్ని పట్టుకోవడం నా వల్ల అయ్యేది కాదు.

ప్రతి విడి ఫైల్లోనూ వరుస పైన తెలుగులోనే కారణం రాశాను. "గుమ్మం దగ్గర కాటా కంప్యూటరు ఇక్కడికి కనెక్ట్ అవుతుంది, అందుకే లోపలి నెట్‌వర్క్ మీద వినాలి. కాటా మారిస్తే దీన్ని చూడండి." నా తర్వాత వచ్చేవాళ్ళు ఈ జిల్లా వాళ్ళే అయి ఉంటారు, బాబాయి కూడా చదువుకోగలడు.

మూడో రిహార్సల్ సాయంత్రానికి పూర్తయింది. ఏడు ప్రశ్నల చోట ఒక్కటే వచ్చింది, సాంబాది. యూసీఎఫ్‌లో మూడు వెర్షన్లూ కలిపే ఎంపిక కూడా ఉంది. మనది ఒక్క వరుసే కాబట్టి దాని జోలికి పోకుండా కొత్తది తీసుకుని వరుస చేత్తో చేర్చాను. గ్రబ్ ఏ డిస్కు మీద పెట్టాలని అడిగింది గానీ అది వర్చువల్ డిస్కు గుర్తు మారడం వల్ల, అసలు మిషన్ మీద రాకూడదు.

జనవరి 29, గురువారం

బిల్లింగు కోడ్‌లో పీహెచ్‌పీ 8కి సరిపడనివి సవరించాను. ఈచ్ అనే ఫంక్షన్ తీసేశారు, మూడుచోట్ల ఉంది. అక్షరం తీసుకోడానికి మీసాల బ్రాకెట్లు వాడినవి ఆరు. అంతే.

ఫిబ్రవరి 1, ఆదివారం. పలాస

అసలు రోజు. ముందే విడి ఫైళ్ళు పెట్టి, ఫైళ్ళని అసలు రూపానికి తెచ్చి, 11 మీదే అన్నీ నడుస్తున్నాయని చూసుకున్నాను. కాటా మీద బస్తా పెట్టించాను, ఈసారి బాబాయి అడక్కముందే. తర్వాతే సోర్సెస్ మార్చాను.

ఎస్‌ఎస్‌హెచ్ నుంచి కాకుండా మిషన్ ముందే కూర్చుని, టీమక్స్ (తెర మూసుకుపోయినా పని ఆగకుండా ఉంచే ప్రోగ్రాము) లోపల నడిపాను. తొమ్మిది వందల పైచిలుకు ప్యాకేజీలు. గంటా యాభై నిమిషాలు. ఒక్క ప్రశ్న, సాంబాది, జవాబు పుస్తకంలో ఉంది. రీబూట్‌కి ముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీకి చిన్న టీ ఆప్షన్‌తో, అపాచీకి కాన్ఫిగ్‌టెస్ట్‌తో, సుడోకి వీసుడో సీ ఆప్షన్‌తో, సాంబాకి టెస్ట్‌పార్మ్‌తో వ్యాకరణం సరిచూశాను. అపాచీలో పాత 7.4 మాడ్యూల్ ఆపి 8.2 తెరిచాను. లేచాక "తర్వాత" నకళ్ళు తీసి పోల్చాను. తేడాలున్నాయి, ప్రతి తేడాకీ నా పుస్తకంలో కారణం ఉంది. ఆ పేజీ మీద సంతకం చేయించుకున్నట్టుగా బాబాయి చేత టిక్కులు పెట్టించాను.

బఫర్ పూల్ ఇప్పుడు నిజంగా 1 జీబీ. నెలసరి రిపోర్టు నొక్కి, టీ తాగి రావడానికి లేవబోయిన బాబాయి మళ్ళీ కూర్చున్నాడు, తెర మీద రిపోర్టు వచ్చేసింది.

ఫిబ్రవరి 2, సోమవారం

పదిన్నరకి ఫోన్. మేడ మీద గదిలో కంప్యూటరుకి షేరు తెరుచుకోవట్లేదు.

మేడ మీద ఒక కంప్యూటరు ఉందని నాకు తెలియదు. విండోస్ ఎక్స్‌పీ. నెలకొక్కసారి, పొట్టు తీసే ఆడవాళ్ళ కూలి లెక్క కట్టడానికి మాత్రమే తెరుస్తారు. ఎక్స్‌పీకి ఎస్‌ఎంబీ1 తప్ప వేరే భాష రాదు. ఎన్‌టీ1 వరుసకి జిరాక్సు మిషన్‌తో పాటు ఇంకో యజమాని ఉన్నాడన్నమాట, బాబాయికి గుర్తు రాలేదు, నేను సరిగా అడగలేదు. అడిగిన ప్రశ్న "ఇది దేనికి?" అని. "నెలలో ఎప్పుడైనా, ఎవరైనా ఇంకే కంప్యూటరు నుంచైనా షేరు తెరుస్తారా?" అని అడగాల్సింది. సర్వరునే అడగొచ్చు కూడా, ఎస్‌ఎంబీస్టేటస్‌లో ప్రతి కనెక్షన్ పక్కనా ప్రోటోకాల్ వెర్షను కనిపిస్తుంది. ఒక నెల పాటు గంటగంటకీ దాన్ని రాయిస్తే ఇది ముందే దొరికేది.

కూలి ఆగకూడదు. కింద కంప్యూటర్లో ఆ షీటు తెరిచి చూపించాను ఫోన్లోనే, మధ్యాహ్నానికి డబ్బులు ఇచ్చేశారు. ఎన్‌టీ1 తిరిగి పెట్టమని షావుకారు గారు అడిగారు. "ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్లోనే సవరణలు ఆగిపోయాయండి. ఆ ఒక్క మిషన్ కోసం రైతుల లెక్కలున్న సర్వరుకి పాత తలుపు తెరవడం నాకు సరికాదనిపిస్తోంది" అన్నాను. ఆలోచించి, మేడ మీద కంప్యూటరు తీసేద్దామన్నారు.

సాంబా విడి ఫైల్లో ఒక వ్యాఖ్య చేర్చాను: "ఎన్‌టీ1 ఇక్కడ 2021 నుంచి 2026 ఫిబ్రవరి 1 దాకా ఉండేది. జిరాక్సు మిషన్, మేడ మీద ఎక్స్‌పీ వాడేవి. రెండూ లేవు."

ఫిబ్రవరి 5, గురువారం

ఈటీసీలోని 19 పాత ఫైళ్ళనీ ఒక్కొక్కటే చదివి చెరిపేశాను. గిట్‌లో ఎలాగూ ఉన్నాయి. ఎందుకున్నాయో తెలియని ఆ మూడు వరుసలు లేకుండా నాలుగు రోజులు నడిచింది. ఇంకో నెల ముగింపు దాటే వరకు పుస్తకంలో వాటిని కొట్టేయను.

13 కోసం రాసిపెట్టుకున్నవి: అందులో సిస్టమ్‌డీ (సర్వీసుల్ని లేపే ప్రోగ్రాము) ఈటీసీలోని సిస్‌సీటీఎల్ కాన్ఫ్ (కెర్నల్ సెట్టింగుల) ఫైలుని ఇక చదవదు. మనకి దానిలో రెండు వరుసలున్నాయి, ఇవాళే సిస్‌సీటీఎల్ డాట్-డీ ఫోల్డర్లోకి మార్చేశాను. పీహెచ్‌పీ 8.4 మళ్ళీ కొత్త ఫోల్డరు తెస్తుంది. మరియాడీబీ 10.11 నుంచి 11.8కి పోతుంది, దానికి విడిగా రిహార్సల్ కావాలి. ఎస్‌ఎంబీస్టేటస్ నిన్నటి నుంచి గంటకోసారి రాస్తోంది. వేసవిలో కొత్త పిక్కల బళ్ళు మొదలయ్యేలోపు రెండో మెట్టు ఎక్కాలి. మార్చిలో ఒక ఆదివారం ఇమ్మని బాబాయికి చెప్పాను. క్యాలెండర్ చూసి 15వ తేదీ చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశాడు.